మేస్త్రి మట్టి మోయడం మానేసిన సంగతి

ఆదివారం ఆరాధన అవగానే మేస్త్రి ఇంటికి వెళ్లేవాడు కాదు. మందిరం పక్క గదిలో మంచి చొక్కా విప్పి సంచిలో పెట్టుకుని, పాతది తొడుక్కుని, సరాసరి బావమరిది నర్సరీకి నడిచేవాడు. లారీవాడు గేటు ముందు పోసిపోయిన మట్టిని తట్టలకెత్తి, వెనక షెడ్డు దాకా మోసేవాడు. ఆ పనికి అక్కడ కూలీలున్నారు. వాళ్లు సోమవారం వస్తారు, మోస్తారు, కూలి తీసుకుంటారు. అయినా సోమవారానికి వాళ్లకు మట్టి మిగిలేది కాదు. వాళ్లకూ ఈయనంటే లోపల్లోపల కోపమే.

మధ్యలో బావమరిది కూతురు టీ తెచ్చిస్తే గుమ్మం మెట్టు మీద కూర్చుని తాగేవాడు. లోపలికి రమ్మంటే, "కాళ్లనిండా మట్టమ్మా" అనేవాడు. కుళాయి మెట్టు పక్కనే ఉండేది.

ఆయన ఎందుకలా చేస్తున్నాడో ఆ రెండిళ్లలో అందరికీ తెలుసు. దాచిన సంగతేం కాదు.

చాలా ఏళ్ల కిందట, మేస్త్రి పనిచేసే చెక్కపని కార్ఖానాలోనే బావమరిది కూడా ఆయన చేతికింద ఉండేవాడు. మంచి పనివాడు, చురుకైనవాడు. ఒక హోటలు వాళ్ల తలుపులు తొందరగా కావాలన్నారు. కోత మిషను మీద రంపానికి అడ్డంగా ఉండే ఇనుప గార్డు వల్ల వెడల్పు పలకలు ఆగిపోతున్నాయి. మేస్త్రి స్పానరు తీసుకుని ఆ గార్డు ఊడదీసి గోడకు ఆనించాడు. "రెండు రోజులే, ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యండి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పలక ఎగిరింది, బావమరిది చెయ్యి జారింది. కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు పోయాయి.

ఓనరు పరుగెత్తుకొచ్చి, "గార్డు ఎవరు తీశారు?" అని అడిగాడు. ఆ క్షణంలో మేస్త్రి నోటికి వచ్చిన మాట, "వాడే తీసుంటాడు సార్. చెప్తే వినే రకం కాదు" అన్నది. ఆస్పత్రి నుంచి వచ్చాక బావమరిది కాదన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం పోయింది. గట్టిగా గొడవపడితే అక్క కాపురం పాడవుతుందని అతను నోరు మూసుకున్నాడు. కట్టు విప్పాక, వేళ్లు లేని చేత్తో మొక్కలకు అంటు కట్టడం నేర్చుకున్నాడు. ఖాళీ స్థలం ఒకటి అద్దెకు తీసుకుని నర్సరీ పెట్టాడు. అది బాగానే నిలబడింది.

మేస్త్రి మాత్రం నిలబడలేకపోయాడు. ఏళ్ల తరబడి ఆ అబద్ధాన్ని మోసి మోసి, చివరికి ఒకనాడు రెండు కుటుంబాలూ భోజనానికి కూర్చున్నప్పుడు, కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయి, జరిగిందంతా చెప్పేశాడు. బావమరిది లేచి పెరట్లోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చి చేతులు కడుక్కుని, తన చోట కూర్చుని, "నన్ను ప్రభువు క్షమించాడు బావా. నేనూ నిన్ను క్షమించాను. ఇక తిను" అన్నాడు.

మేస్త్రి భార్యకు అంత తేలిగ్గా కుదరలేదు. తన తమ్ముడి మీద అభాండం వేసినవాడి పక్కన ఇన్నేళ్లు కాపురం చేశానని ఆమె చాలాకాలం మొగుడితో మాట్లాడలేదు. వడ్డించేది, పక్క వేసేది, మాట మాత్రం లేదు. తర్వాత ఒక వానాకాలంలో ఇంటి కప్పు కారుతుంటే, "ఆ బకెట్టు ఇటు జరపండి" అంది. అదే ఆమె క్షమించడం. మేస్త్రి ఆ మాట విని బకెట్టు పట్టుకుని ఏడ్చాడు.

అందరూ క్షమించారు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ తరవాతి ఆదివారం నుంచే మేస్త్రి మట్టి మోయడం మొదలుపెట్టాడు. మందిరంలో ప్రభువు బల్ల, అంటే ఆయన కడపటి భోజనాన్ని తలుచుకుని పంచుకునే రొట్టె, ఇచ్చేటప్పుడు పళ్లెం తన దగ్గరికొస్తే, ముట్టుకోకుండా పక్కవాళ్లకు అందించేవాడు. మొదట్లో జనం గమనించారు, తర్వాత అలవాటు పడ్డారు. మేస్త్రి అంటే పళ్లెం అందించే మనిషి అన్నట్టయింది.

బావమరిది కూతుర్ని ఇంట్లో అందరూ పిచ్చుక అనేవాళ్లు. ఒకచోట కుదురుగా కూర్చోదు, నోరు ఊరుకోదు. చదువు పూర్తయ్యాక ఏం చేస్తావని తండ్రి అడిగితే, "చెక్కపని" అంది. తండ్రి కాసేపు తన చేతివంక చూసుకున్నాడు.

"ఎక్కడ నేర్చుకుంటావ్?"

"ఎక్కడైనా సరే. బాగా వచ్చినవాళ్ల దగ్గర."

"బాగా వచ్చినవాడు మీ మామయ్యే. వెళ్లి అడుగు."

సోమవారం పొద్దున పిచ్చుక కార్ఖానాకి వచ్చింది. జుట్టు బిగించి కట్టుకుని, పొడుగు చేతుల జాకెట్టు వద్దని తండ్రి చెబితే పొట్టి చేతుల చొక్కా వేసుకుని, ఓనరుని ముందే అడిగి ఒప్పించి మరీ వచ్చింది. మేస్త్రి ఆ పిల్లని చూసి, సంగతి విని, చేతిలో కొలబద్ద కింద పెట్టి, నడుచుకుంటూ నర్సరీకి వెళ్లిపోయాడు. పనివేళలో ఆయన కార్ఖానా గేటు దాటడం అక్కడెవరూ ఎప్పుడూ చూడలేదు.

బావమరిది గులాబీ మొక్కకు అంటు కడుతున్నాడు. బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య రిబ్బను పట్టుకుని, పళ్లతో బిగిస్తున్నాడు.

"నీకు మతి ఉందా?" అన్నాడు మేస్త్రి.

బావమరిది ముడి వేసేదాకా తలెత్తలేదు. "ఏమైంది బావా?"

"పిల్లని నా దగ్గరికి పంపుతావా? ఆ మిషన్ల దగ్గరికి? నా చేతికిందకి?"

"పంపాను. వచ్చిందా? పొద్దున టిఫిను కూడా సరిగ్గా తినలేదు, అంత తొందర."

"వేళాకోళం వద్దు. దానికేమన్నా అయితే?"

"నువ్వుండగా ఏమవుతుంది?"

"వాళ్లమ్మ ఒప్పుకుందా?"

"నాకన్నా ముందు ఒప్పుకుంది. బావా, ఈ చుట్టుపక్కల మిషను ముందు నీ అంత జాగ్రత్తగా ఉండే మనిషి ఇంకొకడు లేడు. ఎందుకు లేడో నాకూ తెలుసు, నీకూ తెలుసు. వెళ్లు, పిల్ల ఒక్కతే నిలబడి ఉంటుంది."

మేస్త్రి తిరిగి వెళ్లాడు. కాదనడానికి మొహం చెల్లలేదు. ఔననడానికి ధైర్యం చాలలేదు. ఆ రెంటికీ మధ్య ఒక దారి కనిపెట్టాడు. పిచ్చుకని పనిలో పెట్టుకున్నాడు గానీ పని చెయ్యనివ్వలేదు. రంపపు పొట్టు ఊడ్వమన్నాడు. ఉప్పుకాగితంతో పలకలు రుద్దమన్నాడు. ఉలులు నూరమన్నాడు. చెక్కల జాతులు, వాటి రేఖలు, ఏది ఎండకు వంగుతుంది, ఏది తేమకు ఉబ్బుతుంది అన్నీ నోటితో చెప్పాడు. కోత మిషను ఆన్ చేస్తే మాత్రం పిల్లని బయటికి పంపేసేవాడు. పసుపు రంగు పట్టీ ఒకటి నేలమీద అంటించి, అది దాటొద్దన్నాడు. ఆ పట్టీ రోజురోజుకీ మిషనుకు దూరంగా జరుగుతోందని పిచ్చుక కనిపెట్టింది.

"మామయ్యా, ఇంకో నెల ఆగితే ఆ పట్టీ మా ఇంటి గుమ్మం దాకా వచ్చేస్తుంది" అంది ఒకరోజు.

మిగతా పనివాళ్లు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు.

సాయంత్రం ఇంట్లో భార్య అడిగింది. "పిల్ల చేత ఊడ్పించడానికా మా తమ్ముడు పంపింది?"

"నేర్పుతున్నాగా."

"ఏం నేర్పుతున్నారు? మీరెంత భయపడుతున్నారో నేర్పుతున్నారు. అది మాత్రం బాగా నేర్చుకుంటోందిట."

ఆ వారంలోనే మందిరంలో బెంచీ కాలు విరిగితే పాస్టరుగారు దాన్ని ఆటోలో వేసుకుని కార్ఖానాకి తెచ్చారు. పెద్దాయన. ప్రసంగంలో గొంతు పెంచరు గానీ మామూలుగా మాట్లాడేటప్పుడు ఉన్నమాట అనేస్తారు. మేస్త్రి బెంచీ తిరగేసి చూస్తుంటే ఆయన పక్కనే స్టూలు మీద కూర్చున్నారు.

"మేస్త్రీ, చాలాకాలంగా నిన్నొక మాట అడగాలనుకుంటున్నాను. రొట్టె ఎందుకు తీసుకోవు?"

"నాకు అర్హత లేదండి అయ్యగారూ."

"మరి మిగతావాళ్లకి ఉందనుకుంటున్నావా? నాకుందనుకుంటున్నావా?"

"మీరు వేరండి."

"ఏం వేరు కాదు. నాకు అర్హత ఉంటే ఆ బల్ల నాకక్కర్లేదు. అది లేనివాళ్ల కోసమే వేసిన బల్ల." ఆయన బెంచీ విరిగిన కాలు మీద చెయ్యి వేశారు. "నువ్వు ఒప్పుకున్నావా పాపం? ఒప్పుకున్నావు. మళ్లీ అలాంటిది చేశావా? లేదు. ఇంక ఆ మట్టి ఎవరి కోసం మోస్తున్నావు?"

"ఎంతోకొంత... నా వంతు అండి."

"నీ వంతా? ప్రభువు సిలువ మీద చేసింది సరిపోలేదు, మిగిలిన కాస్తా నేను తట్టలతో పూడుస్తాను అనా?" ఆయన గొంతులో కోపం లేదు. "కృప అంటే ఊరికే వచ్చింది మేస్త్రీ. ఊరికే వచ్చినదాన్ని ఊరికే తీసుకోవడమే మనుషులకి కష్టం. గర్వం అడ్డొస్తుంది."

"నాకు గర్వమేంటండి?" మేస్త్రి నిజంగానే తెల్లబోయాడు.

"గుమ్మం మెట్టు మీద కూర్చోవడం కూడా గర్వమే, లోపల కుర్చీ వేసి పిలుస్తున్నప్పుడు" అని పాస్టరుగారు లేచారు. "కాలు గట్టిగా బిగించు. పోయినసారి మీ కుర్రాళ్లు చేసింది మళ్లీ ఊగింది."

ఆ మాటలు మేస్త్రి చెవిలో పడ్డాయి గానీ లోపలికి దిగలేదు. పసుపు పట్టీ అక్కడే ఉంది. ఆదివారం మళ్లీ మట్టి మోశాడు. ఇంకా రెండు తట్టలు ఎక్కువే మోశాడు.

అది చూసిన బావమరిది మర్నాడు కార్ఖానాకి వచ్చాడు.

ప్రమాదం జరిగిన రోజు తర్వాత అతను ఆ గడప తొక్కడం అదే మొదలు. పాత పనివాళ్లు ఒకరిద్దరు గుర్తుపట్టి పని ఆపేశారు. అతను వాళ్లను పలకరించుకుంటూ నేరుగా కోత మిషను దగ్గరికి వెళ్లాడు. మేస్త్రి స్విచ్చి ఆపి, మెయిను కూడా కట్టేసి, దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు బావా."

"ఎందుకొచ్చావు నువ్విక్కడికి?"

"దీన్ని చూడ్డానికి. కొత్తదా?"

"పాతదే. గార్డు కొత్తది."

బావమరిది ఆగిపోయిన మిషను బల్ల మీద తన కుడిచెయ్యి పరిచాడు. మూడు వేళ్ల చెయ్యి. మేస్త్రి కళ్లు తిప్పుకోబోయాడు.

"చూడు" అన్నాడు బావమరిది. "ఆదివారం ఆదివారం మా ఇంటికొస్తావు, ఒక్కసారి కూడా దీన్ని తిన్నగా చూడవు. ఇవాళ చూడు."

మేస్త్రి చూశాడు.

"ఒక్కోరోజు చొక్కా గుండీ పట్టదు. అప్పుడు నీ మీద కోపం వస్తుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, వస్తుంది. అది నేనూ ప్రభువూ చూసుకుంటాం, మధ్యాహ్నానికల్లా పోతుంది. నీ మట్టికీ దానికీ సంబంధం లేదు. నువ్వు నా గేటు ముందు తట్ట ఎత్తుకున్నప్పుడల్లా నాకేమనిపిస్తుందో తెలుసా? వీడు నా మాట నమ్మలేదు అనిపిస్తుంది. ఆ రోజు గార్డు నేను తియ్యలేదంటే ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు క్షమించానంటే నువ్వు నమ్మట్లేదు."

కార్ఖానాలో ఏ మిషనూ తిరగడం లేదు.

"నేను కొట్టేసిన కేసుని నువ్వు వారం వారం తెరుస్తున్నావు బావా. నాకు విసుగొచ్చింది. నువ్వు నిజంగా నాకేదన్నా చెయ్యాలనుకుంటే, నా కూతురికి పని నేర్పు. నీకొచ్చినదంతా నేర్పు. అప్పు తీర్చినట్టు కాదు. మామయ్య మేనకోడలికి నేర్పినట్టు."

పిచ్చుక పసుపు పట్టీ అవతల నిలబడి ఉంది. ఆ పిల్ల నోట మాట రాకుండా ఉండటం అక్కడి వాళ్లకు కొత్త.

మేస్త్రి ముందు బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. తెగిన వేళ్ల మొదళ్లు గరుకుగా, వెచ్చగా, మట్టి వాసనతో ఉన్నాయి. ఎంతసేపు పట్టుకున్నాడో ఆయనకే తెలియలేదు. "నమ్మాను రా" అన్నాడు చివరికి. అది క్షమాపణ అడగడం కంటే కష్టంగా ఉంది. ఆ మాట అనేశాక మాత్రం, జ్వరం దిగిన ఒంటిలా, ఆయన ఒళ్లు తేలికపడింది.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, గోళ్లతో పసుపు పట్టీ లాగేశాడు.

"ఇలా రా అమ్మా" అన్నాడు పిచ్చుకతో. "ముందు మెయిను ఎక్కడుందో చూపించు. ఊహూ, చెప్పడం కాదు, కళ్లు మూసుకుని వెళ్లి చేత్తో పట్టుకో. ఇప్పుడు గార్డు. ఇది ఎందుకుందో మీ నాన్ననడిగి తెలుసుకో, నన్నడిగీ తెలుసుకో. ఇద్దరం చెప్తాం."

బావమరిది అక్కడే స్టూలు మీద కూర్చుని, కూతురు మొదటి పలక కోసేదాకా చూశాడు. రంపం అరిచినప్పుడు అతని భుజం ఒక్కసారి అదిరింది. అంతే. కోత తిన్నగా వచ్చింది. "పర్లేదు" అన్నాడు మేస్త్రి. ఆయన నోట ఆ మాట వినడానికి ఏళ్లు పట్టినవాళ్లు అక్కడున్నారు.

ఆ ఆదివారం పళ్లెం వచ్చినప్పుడు మేస్త్రి రొట్టె తీసుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. పక్కనున్న భార్య ఆయనవైపు చూడకుండానే చేతిరుమాలు అందించింది. మధ్యాహ్నం బావమరిది ఇంట్లో, లోపల, కుర్చీలో కూర్చుని రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు.

క్షమ దొరికితే మనిషి బాధ్యత వదిలేస్తాడేమోనని కొందరికి అనుమానం. మేస్త్రి విషయంలో అలా జరగలేదు. అన్నాళ్లు మట్టి మోస్తూ కూడా ఆయన చెయ్యలేకపోయిన పని ఒకటి మిగిలి ఉంది. ఇంట్లోవాళ్లకి నిజం చెప్పాడు గానీ ఓనరుకి ఎప్పుడూ చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం. ఇప్పుడు ఆ భయం ఉన్నా, దాని మాట వినబుద్ధి కాలేదు. ఒక ఉదయం ఓనరు గదిలోకి వెళ్లి, నిలబడే చెప్పాడు.

"సార్, ఆ రోజు గార్డు తీసింది నేను. మా బామ్మర్ది మీద నెట్టాను. మీరేం చేసినా సరే, ఈ మాట మీకు తెలియాలి."

ఓనరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ గార్డు నట్లు నీ పెద్ద స్పానరుతో తప్ప ఊడవు" అన్నాడు. "అది నీ పెట్టెలో ఉండేది, తాళం నీ దగ్గరుండేది. నాకప్పుడే తెలుసు మేస్త్రీ."

మేస్త్రి నిర్ఘాంతపోయాడు. "తెలిసీ వాడిని పంపేశారా?"

"నువ్వు పోతే కార్ఖానా ఆగిపోతుంది. అతను పోతే ఆగదు. అలా లెక్కేసుకున్నాను." ఓనరు కళ్లజోడు పెట్టుకోలేదు. "మీరు మీరు ఒకటైపోయారు. నేనెక్కడికి వెళ్లాలి?"

"నర్సరీకి వెళ్లండి" అన్నాడు మేస్త్రి. ఆ జవాబు వెతుక్కోకుండానే వచ్చింది. "వాడు కోప్పడితే పడనివ్వండి. క్షమిస్తే మాత్రం నమ్మండి. నాలాగా ఏళ్లు పట్టించుకోకండి."

ఓనరు వెంటనే వెళ్లలేదు. కారులో నర్సరీ గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాడని డ్రైవరు చెప్పాడు. ఆ తర్వాత ఇంకోరోజు లోపలికి వెళ్లాడు. బావమరిది ఆయన్ని చాలాసేపు నిలబెట్టే మాట్లాడాడట, మాటలు మెత్తగా లేవట. చివర్లో కూర్చోమన్నాడట. మళ్లీ పనిలోకి రమ్మంటే, "నాకు నా మొక్కలు చాలు సార్. మీ పనివాళ్లందరినీ పోగేసి, ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదని చెప్పండి చాలు" అన్నాడట. ఓనరు ఆ పని చేశాడు. కార్ఖానా మధ్యలో నిలబడి, మేస్త్రి పక్కనుండగా చెప్పాడు. మేస్త్రిని మాత్రం తీసెయ్యలేదు. కొంతమంది పనివాళ్లు కొన్నాళ్లు ఆయనతో ముభావంగా ఉన్నారు. ఆయన దాన్ని భరించాడు. తనకు రావలసిందే వచ్చిందనుకున్నాడు తప్ప దిగాలు పడలేదు. పాట కూడా పాడుకునేవాడు పని చేస్తూ. అది మాత్రం బాగుండేది కాదు.

పిచ్చుక త్వరగానే పని పట్టుకుంది. ఏడాది తిరక్కుండానే ఒక టీచరమ్మ ఇంటికి తలుపు మొత్తం తనే చేసింది. కొలతలు తనవే, కోత తనదే, బిగింపు తనదే. బిగించే రోజున మేస్త్రి తోడు వెళ్లాడు గానీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తలుపు ఎత్తి బందులకు తగిలించి నెట్టారు. పైమూల చట్రానికి తగిలి ఆగిపోయింది. మళ్లీ నెట్టారు. మళ్లీ ఆగిపోయింది.

టీచరమ్మ లోపల్నుంచి అడిగింది. "గోడ వంకరగా ఉందేమోనమ్మా? పాత ఇల్లు కదా."

చెప్పుకోవడానికి మంచి దారే దొరికింది. మేస్త్రి మేనకోడలి మొహంలోకి చూశాడు.

"గోడ బానే ఉందండి" అంది పిచ్చుక. "కొలత నేనే తప్పాను. పైన కొంచెం ఎక్కువ వదిలాను." మేస్త్రి వైపు తిరిగింది. ఆ పిల్ల మొహంలో సిగ్గుంది గానీ బెదురు లేదు. "నా తప్పే మామయ్యా."

"సరే" అన్నాడు మేస్త్రి చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "దింపుదాం. నువ్వటు పట్టుకో."